పంపు కింద తడి ఎక్కడిదో తేల్చకుండా పంపు విప్పవద్దు

పెందుర్తి నుంచి మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మీ టయోటా క్వాలిస్ 2002 మోడల్, మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. రెండు నెలలుగా డీజిల్ పంపు అడుగు భాగం ఎప్పుడు చూసినా తడిగా ఉంటోంది. బండి నిలిపిన చోట గచ్చు మీద అరచేయంత మరక పడుతోంది. ఉదయం పూట మూడు నాలుగు సార్లు సెల్ఫు కొడితే గాని ఇంజన్ అందుకోవడం లేదు. ఒక మెకానిక్ పంపు మొత్తం మార్చాలన్నారు, ఇంకొకరు పై మూత బోల్టులు బిగించి పంపించారు, మరక మాత్రం తగ్గలేదు. పంపు మార్చక తప్పదా, ఇంటి దగ్గర చేసుకోగలిగిన పని ఏమైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా నేను పంపుల పనే చేస్తున్నాను. అంతకు ముందు మూడేళ్లు ఫిషింగ్ హార్బరులో మరపడవల ఇంజన్ల దగ్గర ఈ పని నేర్చుకున్నాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి పంపు మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. ఎండకు నిలబడి, బరువు లాగి, పొగ మామూలుగా వదులుతున్న ఇంజన్‌లో పంపు లోపలి ఇనుము బాగానే ఉందని అర్థం. పోయింది రబ్బరు. అయితే ఆ రబ్బరు ఏ చోట పోయిందన్నది తేల్చుకోకుండా ఎవరు ఏ బోల్టు ముట్టుకున్నా, ఇప్పుడున్న చిన్న సమస్యకు సెట్టింగు చెడిపోవడమనే పెద్ద సమస్య తోడవుతుంది. కాబట్టి ఈ సమాధానంలో సగభాగం లీకు వెతకడం గురించే ఉంటుంది.

ముందుగా పంపు సంగతి. మీ బండిలో ఉన్నది 2446 సీసీల 2ఎల్ ఇంజన్. దానికి డెన్సో వారి వీఈ తరహా రోటరీ పంపు ఉంటుంది. ఈ నమూనాకు మూలం బాష్ కంపెనీ. మనవాళ్లు ఇప్పటికీ ఏ డీజిల్ పంపునైనా మైకో పంపు అనడానికి కారణమైన మైకో కంపెనీ 1951లో బెంగళూరులో మొదలై, 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నది. వీఈ పంపులో నాలుగు సిలిండర్లకూ కలిపి ఒకటే ప్లంజరు, అంటే డీజిల్‌ను నెట్టే ఇనుప కడ్డీ ఉంటుంది. అది తిరుగుతూనే ముందుకూ వెనక్కూ కదిలి, ఒక్కొక్క సిలిండరుకు వంతులవారీగా డీజిల్ పంపుతుంది. లోపల ఉండే చిన్న వేన్ పంపు ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగి, పంపు గుల్లను, అంటే బయటి డొల్లను, కొన్ని బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడితో ఎప్పుడూ నింపి ఉంచుతుంది. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ ఈ ఒత్తిడి కూడా పెరుగుతుంది. పంపులోని భాగాలకు వేరే ఆయిల్ అంటూ లేదు, డీజిలే వాటికి ఆయిల్. సిలిండరులోకి డీజిల్ పిచికారీ చేసే నాజిల్ తెరుచుకోవడానికి నూరు బార్లకు పైగా కావలసిన అసలు ఒత్తిడి మాత్రం ప్లంజరు తల దగ్గర, అక్కడి నుంచి వెళ్లే ఇనుప గొట్టాలలో మాత్రమే ఉంటుంది. ఈ తేడా గుర్తుంటే లీకు చూడగానే సగం విషయం అర్థమవుతుంది. గుల్లలోని డీజిల్‌ను ఆపేవి ఓరింగులనే గుండ్రటి రబ్బరు రింగులు, ప్యాకింగు, ఆయిల్ సీలు. గొట్టాల వైపు డీజిల్‌ను ఆపేవి రాగి వాషర్లు, లోహానికి లోహం ఆనే కోన్ జాయింట్లు. మొదటి రకం లీకు మెల్లగా ఊరుతుంది, రెండవ రకం చిమ్ముతుంది.

ఇరవై ఏళ్లు ఊరుకున్న రబ్బరు ఇప్పుడే ఎందుకు పోయిందన్నది చాలామంది అడిగే మాట. వయసు, ఇంజన్ వేడి ఎలాగూ ఉన్నాయి. వాటికి డీజిల్ మారడం కూడా తోడైంది. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి పది లక్షల పాళ్లలో 50 పాళ్లు, 2020 ఏప్రిల్ 1 నుంచి 10 పాళ్లు మించకుండా గంధకాన్ని తగ్గించారు. మీ బండి తయారైన నాటి డీజిల్‌లో గంధకం ఇంతకు ఎన్నో రెట్లు ఉండేది. గంధకాన్ని తీసేందుకు రిఫైనరీలో హైడ్రోజన్‌తో చేసే శుద్ధి వల్ల డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. పాత పంపులలో వాడిన నైట్రైల్ రబ్బరు ఆ పదార్థాలను పీల్చుకుని కొద్దిగా ఉబ్బి, ఆ ఉబ్బుతోనే సందును మూసి ఉంచుతుంది. అవి తగ్గగానే రబ్బరు కుంచించుకుపోతుంది. లేత రబ్బరు దీన్ని తట్టుకుంటుంది గాని, అప్పటికే గట్టిపడిన రబ్బరు తట్టుకోలేదు. ఇందులో బండి తయారు చేసినవారి తప్పూ లేదు, డీజిల్ తప్పూ లేదు. కొత్త డీజిల్‌కు జారుడు గుణం తగ్గకుండా కలపవలసినవి రిఫైనరీలోనే కలుపుతారు కనుక, మీరు ట్యాంకులో టూ స్ట్రోక్ ఆయిల్ పోయనవసరం లేదు. ఎంత పోసినా లీకు మాత్రం మానదు.

ఇక వెతకడం. డీజిల్ పైనుంచి కిందికి జారుతుంది, ఇంజన్ అదురుకు పక్కలకు పాకుతుంది, ఫ్యాను గాలికి వెనక్కు పోతుంది. అందువల్ల బాగా తడిగా ఉన్న చోటు లీకు ఉన్న చోటు కాకపోవడమే ఎక్కువ. ముందు పంపును శుభ్రంగా కడగాలి, కాని ఇంజన్ పూర్తిగా చల్లారాకే కడగాలి. వేడి పంపు మీద చల్లటి నీళ్లు కొడితే గుల్ల ముందుగా కుంచించుకుపోయి, కొన్ని మైక్రాన్ల సందులో తిరిగే ప్లంజరు పట్టేసే ప్రమాదం ఉంది. సర్వీసింగ్ సెంటరులో నీటి గన్ను పట్టుకున్న కుర్రవాడికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి. నేనైతే నీళ్లు అసలు వాడను. పాత పెయింటు బ్రష్షు, కొంచెం శుభ్రమైన డీజిల్ తీసుకుని మురికి అంతా కరిగించి, గుడ్డతో తుడిచి, గాలి కొట్టి ఆరబెడతాను. ఆ తరువాత ముఖానికి రాసుకునే మామూలు పౌడరును పంపు మీద, గొట్టాల నట్ల మీద, పంపు ముందున్న కవరు కింది అంచు మీద పలచగా చల్లుతాను. పంపంతా తెల్లగా అవుతుంది. ఇంజన్ స్టార్టు చేసి, టార్చిలైటు, పంటి డాక్టర్లు వాడే లాంటి చిన్న అద్దం చేతిలో పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా చూడాలి. పౌడరు మీద మొదట ఆవగింజంత బూడిదరంగు చుక్క కనిపిస్తుంది, అది సన్నటి గీతగా మారి కిందికి దిగుతుంది. గీత ఎక్కడ మొదలైందో అదే లీకు. ఐడ్లింగులో ఏమీ కనిపించకపోతే, మరొకరిని ఎక్సలేటరు తొక్కమని ఇంజన్ వేగం పెంచి చూడాలి, ఎందుకంటే గుల్లలో ఒత్తిడి వేగంతోపాటు పెరుగుతుంది. ఈ పరీక్షలో నాజిళ్లకు పోయే గొట్టాల దగ్గర చెయ్యి పెట్టి తడమవద్దు. సూదిమొన లాంటి ఆ ధార చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపించినా, అది వెంటనే ఆపరేషన్ చేయవలసిన గాయం. అనుమానం ఉన్న చోట అట్టముక్క పట్టుకుని చూడండి.

ఉదయం సెల్ఫు ఎక్కువ కొట్టవలసి వస్తోందన్నారు కదా, దానికీ లీకుకూ సంబంధం ఉందో లేదో వేరుగా చూడాలి. ఇంజన్ ఆగాక గుల్లలో ఒత్తిడి పోతుంది. పగలు డీజిల్ బయటికి ఊరిన సందు గుండానే రాత్రి గాలి లోపలికి పోయి, డీజిల్ నెమ్మదిగా ట్యాంకు వైపు వెనక్కు జారుతుంది. ఇది తేల్చడానికి పంపుకు డీజిల్ తెచ్చే రబ్బరు గొట్టాన్ని తీసి, ఆ స్థానంలో జానెడు పారదర్శకమైన గొట్టం క్లిప్పులతో బిగించి, మిగులు డీజిల్ ట్యాంకుకు తిరిగిపోయే రిటర్ను వైపు కూడా అలాంటిదే ఒకటి పెట్టండి. ఇంజన్ నడుస్తుండగా లోపలికి పోయే గొట్టంలోనే బుడగలు కనిపిస్తే గాలి పంపుకు ముందే, అంటే ఫిల్టరు దగ్గరో, చేతిపంపు డయాఫ్రం దగ్గరో, తుప్పు పట్టిన పైపు దగ్గరో చేరుతోంది. అటువైపు డీజిల్ పీల్చుకునే వైపు కాబట్టి అక్కడ చుక్క కూడా కారదు, గాలి మాత్రం దూరుతుంది. లోపలికి పోయేది స్వచ్ఛంగా ఉండి, రాత్రంతా బండి నిలిపాక ఉదయం రెండు గొట్టాలలోనూ డీజిల్ మట్టం దిగిపోయి ఉంటే పంపు సీళ్లే కారణం. గొట్టాలు నిండుగా ఉండి కూడా బండి అందుకోకపోతే, చల్లటి ఇంజన్‌ను స్టార్టుకు ముందు వేడిచేసే గ్లో ప్లగ్గులను చూడాలి. పంపు మార్చి కూడా ఉదయం సెల్ఫుల బాధ తీరని బళ్లు నా దగ్గరికి ఏడాదికి రెండు మూడైనా వస్తాయి, వాటిలో చాలావాటికి కాలిపోయిన గ్లో ప్లగ్గులే కారణం.

పౌడరు మీద గీత ఎక్కడ మొదలైతే ఏమని అర్థం చేసుకోవాలో చెబుతాను. ఎక్సలేటరు వైరు లాగే లివరు కింద, ఇరుసు మూతలోకి దిగే చోట తడి వస్తే అది ఇరుసు ఓరింగు. ఈ పంపులలో అన్నిటికన్నా ముందు పోయేది ఇదే. పై మూత అంచు చుట్టూ వస్తే మూత ప్యాకింగు. డీజిల్ ఆపే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) మొదట్లో వస్తే దాని ఓరింగు, అది పది నిమిషాల పని, కాకపోతే విప్పేటప్పుడు లోపలి చిన్న స్ప్రింగు, మొన కింద పడకుండా చెయ్యి అడ్డం పెట్టాలి. నాలుగు గొట్టాలు బిగించే డెలివరీ హోల్డర్ల మొదట్లో వస్తే వాటి కింది రాగి వాషర్లు. ఆ నాలుగింటి మధ్యనున్న ప్లగ్గు దగ్గర వస్తే దాని ఓరింగు లేదా వాషరు. గొట్టాలు దిగిన లోహపు తల, అల్యూమినియం గుల్ల కలిసే వలయం దగ్గర వస్తే పెద్ద ఓరింగు. పంపు అడుగున అడ్డంగా ఉండి, డీజిల్ చిమ్మే సమయాన్ని సర్దే టైమరు పిస్టన్ మూతల దగ్గర వస్తే వాటి ఓరింగులు. వెనుక, గరిష్ఠంగా ఎంత డీజిల్ పోవాలో సర్దే ఫుల్ లోడ్ స్క్రూ దగ్గర వస్తే దాని ఓరింగు. చివరిగా, పంపంతా పొడిగా ఉండి ముందున్న టైమింగు బెల్టు కవరు కింది నుంచి చుక్కలు పడుతుంటే అది పంపును తిప్పే ప్రధాన ఇరుసు ముందు ఆయిల్ సీలు. వీటిలో ఆలస్యం చేయకూడనిది ఇదొక్కటే. డీజిల్ తాగిన బెల్టు ఉబ్బి పళ్లు ఊడుతుంది, అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. గేరుతో పంపు నడిచే ఇంజన్లలో ఇదే లీకు బయటికి కనిపించకుండా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్కు మీద ఆయిల్ మట్టం తనంతట తాను పెరుగుతోందంటే సంతోషించవలసిన విషయం కాదు.

మీ వర్ణన ప్రకారం నా అనుమానం లివరు ఇరుసు ఓరింగు మీద ఉంది, ఎందుకంటే అక్కడి డీజిల్ మూత మీద పారి నాలుగు వైపులా దిగుతుంది, చూసినవారు మూత ప్యాకింగే పోయిందనుకుని బోల్టులు బిగిస్తారు. మీ రెండో మెకానిక్ చేసింది బహుశా అదే. చేతిపని అలవాటు ఉంటే ఈ పని పంపును ఇంజన్ నుంచి దింపకుండానే చేసుకోవచ్చు. బ్యాటరీ వైరు తీసి, పంపు చుట్టూ మట్టి లేకుండా తుడిచి, మొదటగా లివరుకూ దాని ఇరుసు కొనకూ కలిపి సూదితో ఒక సన్నని గీత గీయండి. ఆ ఇరుసుకు సన్నటి పళ్లు ఉంటాయి. లివరు ఒక్క పన్ను తప్పి కూర్చున్నా ఐడ్లింగు, ఫుల్ స్పీడు రెండూ మారిపోతాయి. రిటర్ను స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో ఫోటో తీసుకోండి. మూత బోల్టులు విప్పాక దాన్ని పైకి లాగవద్దు. కింద ఇరుసును, ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నరు లివరుతో కలిపే స్ప్రింగు తగులుకుని ఉంటుంది, గుంజితే సాగిపోతుంది. లివరు తీసి, ఇరుసును మెల్లగా లోపలికి నొక్కుతూ మూతను పక్కకు వంచి ఎత్తితే మూత విడిగా వస్తుంది. ఇరుసు, స్ప్రింగు గుల్లలోనే ఉండిపోతాయి, అప్పుడు కొక్కెం కనిపెట్టి విడదీయవచ్చు. పోయిన నెల ఇలాంటి బండిలోంచి తీసిన ఓరింగు గుండ్రంగా లేదు. నాలుగు పలకలుగా అణిగి, గోరుతో వంచగానే ఎండిన చింతకాయ పెంకులా పెళుక్కున విరిగింది. మీది కూడా అలాగే ఉంటే మిగిలిన ఓరింగుల వయసూ అంతే కాబట్టి వాటి గతి కూడా ఊహించుకోవచ్చు.

కొత్త ఓరింగు వేసే ముందు ఇరుసును మూత రంధ్రంలో పెట్టి అటూ ఇటూ ఊపి చూడండి. రిటర్ను స్ప్రింగు ఇరవై ఏళ్లపాటు ఒకే వైపు లాగడం వల్ల రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే, ఓరింగు ఎంత మంచిదైనా నెలరోజుల్లో మళ్లీ ఊరుతుంది. అప్పుడు మూతకు బుష్ వేయించాలి లేదా వేరే మూత తెచ్చుకోవాలి. ప్యాకింగు అంటుకున్న చోట ఉలితో గోకవద్దు, మెత్తటి అల్యూమినియం మీద పడిన గీత కొత్త లీకు. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు నిత్యం ఆరుబయట ఉండే బళ్లలో అయితే ఈ అంచు కింద ఉప్పుగాలికి తెల్లటి పొడి చేరి గుంటలు పడి ఉంటాయి, వాటిని చదును చేయించాకే మూత వేయాలి. ప్యాకింగుకు సందులు మూసే పేస్టు రాయకండి. పొడి ప్యాకింగు, శుభ్రమైన అంచు, మూలకు మూల బిగింపు, అంతే చాలు.

పేస్టు వద్దని ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత పొరపాటే కారణం. చాలా ఏళ్ల క్రితం అనకాపల్లి నుంచి ఒక జీపు వచ్చింది, ముందు ఆయిల్ సీలు లీకు. సీలు మార్చి పంపాను. నలభై రోజులకు మళ్లీ వచ్చింది. సీలు నాసిరకం అనుకుని మరొకటి వేశాను. మూడోసారి వచ్చినప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. పంపు మీద రిటర్ను గొట్టం బిగించే, లోపల బోలుగా ఉండే బాంజో బోల్టు తల మీద అవుట్ అని ఆంగ్లంలో పోతపోసి ఉంటుంది. చూడడానికి లోపలికి వచ్చే బోల్టులాగే ఉంటుంది గాని, దాని రంధ్రం గుండుసూది దూరేటంత సన్నగా ఉంటుంది. గుల్లలో ఎంత ఒత్తిడి నిలవాలో నిర్ణయించే వాటిలో ఆ సన్నటి రంధ్రం ఒకటి. లోపల చేరిన గాలి బయటికి పోయేదీ, వేడెక్కిన డీజిల్ ట్యాంకుకు తిరిగిపోయేదీ దాని గుండానే. ఎవరో అంతకు ముందు ఆ బోల్టు కింద ఊరుతోందని వాషరు మార్చకుండా పేస్టు పూశారు. బిగించినప్పుడు లోపలికి నెట్టుకుపోయిన పేస్టు గట్టిపడి ఆ రంధ్రాన్ని ముప్పావు వంతు మూసింది. గుల్లలో ఒత్తిడి పెరిగి, అన్నిటికన్నా బలహీనమైన చోటు, అంటే ముందు సీలు, బయటికి ఊరడం మొదలైంది. బోల్టు శుభ్రం చేసి మామూలు సీలే వేశాను, ఆ బండి మళ్లీ ఆ పని మీద రాలేదు. అప్పటి నుంచి ఏ పంపుకు ఏ సీలు వేసినా ముందుగా ఆ బోల్టును వెలుతురుకు అడ్డంపెట్టి చూస్తాను, రిటర్ను గొట్టం ఎక్కడైనా నలిగిందేమో ట్యాంకు దాకా తడుముతాను. ఈ రెండు బోల్టులు తారుమారైనా తంటానే. సన్న రంధ్రం బోల్టు లోపలికి వచ్చే వైపు పడితే పంపుకు డీజిల్ అందదు, రిటర్ను వైపు పెద్ద రంధ్రం పడితే గుల్లలో ఒత్తిడి నిలవక ఇంజన్‌కు పికప్ ఉండదు.

డెలివరీ హోల్డర్ల కింద తడి ఉంటే గట్టిగా బిగిస్తే ఆగుతుందనిపిస్తుంది. బిగించవద్దు. హద్దు మీరి బిగిస్తే తల భాగం వెంట్రుకవాసి వంకర తిరిగినా ప్లంజరు పట్టేస్తుంది, అప్పుడు నిజంగానే పంపు కొనవలసి వస్తుంది. ఒక్కొక్కటిగా విప్పి, లోపలి వాల్వు ఏ రంధ్రంలోది ఆ రంధ్రంలోనే ఉండేలా చూసుకుని, కొత్త రాగి వాషరు వేసి, మాన్యువల్‌లో చెప్పినంత మేరకే టార్కు రెంచితో బిగించాలి. ఫుల్ లోడ్ స్క్రూ తీయవలసి వస్తే, అది బయటికి ఎంత పొడుగు ఉందో వెర్నియరుతో కొలిచి రాసుకున్నాకే తీయండి. పావు చుట్టు తేడాకే నల్లటి పొగ మొదలవుతుంది. బయటి నుంచి ఎపాక్సీ ముద్ద పూయడం గురించి ఒక్క మాట చాలు: డీజిల్ ఊరుతున్న లోహానికి ఏ ముద్దా అంటుకోదు.

పెద్ద ఓరింగు, ముందు సీలు మాత్రం పంపు దింపి బల్ల మీద చేయవలసిన పనులు. తల బోల్టులు నాలుగూ వదులు చేసి, బండి మీదే తలను కాస్త వెనక్కు జరిపి ఓరింగు మార్చే వీడియోలు మీరు చూసి ఉంటారు. అది అసాధ్యం కాదు. కాని ప్లంజరు వెనుకనున్న స్ప్రింగులు, బిళ్లలు ఒక్కసారి స్థానం తప్పితే పైకి ఏమీ తెలియదు, ఇంజన్ తిప్పగానే లోపల విరుగుతాయి. నేను నా సొంత బండికి కూడా అలా చేయను.

పంపు దింపే ముందు చేయవలసినది ఒకటుంది, అది మీరు దగ్గరుండి చూడవలసినది. ఒకటో నంబరు సిలిండరు పిస్టన్‌ను టాప్‌కు, అంటే పైకొసకు తెచ్చి, పుల్లీల మీది గుర్తులు కవరు గుర్తులకు సరిపోయాయని చూసి, పంపు ఫ్లాంజికీ అది ఆనుకున్న బ్రాకెట్టుకూ కలిపి ఉలితో ఒక సన్నని గాటు పెట్టించండి. ఫ్యాక్టరీ గుర్తు ఉన్నా సరే, ఈ గాటు వేరే. ఇన్నేళ్లలో ఎవరో టైమింగు సర్దే ఉంటారు, ప్రస్తుతం ఇంజన్ బాగా నడుస్తున్నది ఆ స్థానంలోనే కదా. పుల్లీని పుల్లరుతోనే తీయాలి, వెనుక నుంచి సుత్తితో కొట్టిస్తే ఆ దెబ్బ ఇరుసు గుండా లోపలి భాగాలకు తగులుతుంది. ఇరుసులోని అర్ధచంద్రాకారపు కీ పడిపోకుండా చూసుకోవాలి. ఎలాగూ బెల్టు ఊడింది కాబట్టి కొత్త బెల్టు, ఐడ్లర్ బేరింగు ఇప్పుడే వేయించండి. డీజిల్ తగిలిన పాత బెల్టును గుడ్డతో తుడిచి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి.

పంపు షాపులో అడగవలసిన విషయాలు మూడే. మొదటిది, సీళ్లు, ఓరింగుల కిట్టు వైటాన్ అనే రబ్బరుదా, నైట్రైల్‌దా? వైటాన్ ధర ఎక్కువే, కాని ఇప్పటి డీజిల్‌కూ ఇంజన్ వేడికీ అది నిలుస్తుంది. రంగు చూసి నమ్మకండి, గోధుమరంగు నైట్రైల్ కూడా ఉంటుంది. ఒకే సైజు ఓరింగులు రెండు చేతుల్లో పెట్టి చూస్తే వైటాన్ తేడా తెలిసేంత బరువుగా ఉంటుంది. రెండవది, ప్రధాన ఇరుసు బుష్ చూశారా? సీలు తీసిన ఇరుసును పైకీ కిందికీ ఊపినప్పుడు వదులు తెలుస్తుంటే, కొత్త సీలు వేసిన కూలి వృథా. సీలు ఎక్కించేటప్పుడు కీ గాడి మీద ప్లాస్టిక్ కాగితం చుట్టకపోతే ఆ గాడి అంచుకే కొత్త సీలు పెదవి తెగుతుంది, ఇది కూడా నేను చూసిన సంగతే. మూడవది, సీళ్లు మార్చాక పంపును టెస్ట్ బెంచి మీద ఎక్కించి, వేగాల వారీగా నాలుగు గొట్టాల నుంచి వచ్చే డీజిల్ కొలతలు, గుల్ల ఒత్తిడి చూసి రాసి ఇస్తారా? ఆ కాగితం ఇచ్చే చోటే పని చేయించండి. పై మూత, లివరు ఇరుసు, సోలినాయిడ్ వరకే పని అయితే బెంచి అవసరం లేదు. తల విప్పితే తప్పనిసరి. నాజిళ్లు కూడా ఎన్నో ఏళ్లుగా చూడకపోతే అదే రోజు ప్రెషరు పరీక్ష చేయించండి, కాని నాజిళ్లన్నీ మార్చాలని ఎవరైనా అంటే పిచికారీ ఎలా పడుతోందో మీ కళ్లతో చూశాకే ఒప్పుకోండి.

ఒక ఓరింగు పోతే ఒక్కటే మార్చాలా, మొత్తం కిట్టు వేయాలా అన్నదానికి నా అభిప్రాయం ఇది. పంపు బండి మీదే ఉంటే పోయినది ఒక్కటే మార్చండి, ఖర్చు కొద్దిపాటిది, ఏడాది రెండేళ్లు గడుస్తుంది. పంపు కిందికి దిగిందంటే మాత్రం మొత్తం కిట్టు వేయించాలి, ఎందుకంటే దింపి ఎక్కించే కూలి కిట్టు ఖరీదును ఎప్పుడూ మించుతుంది.

బిగించాక మొదటి స్టార్టు గురించి. ఎండిన పంపును అలాగే సెల్ఫు మీద తిప్పకూడదు, దానికి డీజిలే ఆయిల్ అని ముందే చెప్పాను. రిటర్ను బోల్టు తీసి, ఆ రంధ్రం గుండా వడగట్టిన డీజిల్‌తో గుల్లను నింపండి. తరువాత ఫిల్టరు మీది చేతిపంపును గట్టిపడేదాకా కొట్టండి. రిటర్ను గొట్టంలో బుడగలు లేకుండా డీజిల్ వచ్చాక నాజిళ్ల దగ్గర నాలుగు నట్లనూ అర చుట్టు వదులు చేసి, ముఖం దూరంగా ఉంచి, సెల్ఫు కొట్టించండి. ఒక్కోసారి పది సెకన్లకు మించవద్దు, మధ్యలో నిమిషం ఆగితే సెల్ఫు మోటారూ బతుకుతుంది. నట్ల దగ్గర నురుగు పోయి డీజిల్ ఊరగానే ఒక్కొక్కటిగా బిగించి, గ్లో ప్లగ్గులు వేడెక్కనిచ్చి స్టార్టు చేయండి. మొదట తడబడి, తెల్లటి పొగ వదిలి, నిమిషంలో సర్దుకుంటుంది. సర్దుకోకుండా తెల్లపొగ, మెత్తటి లాగుడు అలాగే ఉంటే టైమింగు వెనకబడింది. రాళ్లు కొట్టుకున్నట్టు గట్టిగా కొడుతుంటే ముందుకు పోయింది. గాటు గుర్తులు మళ్లీ చూడండి. గుర్తులు సరిగానే ఉన్నా ఇలా జరిగితే, పంపు విప్పిన షాపువారే మధ్య ప్లగ్గు తీసి, డయల్ గేజి పెట్టి, ప్లంజరు కదలికను కొలిచి సర్దాలి. చెవితో విని టైమింగు సర్దగలమనేవారు ఉన్నారు, నేనూ ఒకప్పుడు అన్నాను, గేజి పెట్టి చూసిన తరువాత అనడం మానేశాను.

ఐడ్లింగు సరిపోయాక పౌడరు మరోసారి చల్లి పది నిమిషాలు చూడండి. పొడిగా ఉంటే అడివివరం మీదుగా సింహాచలం కొండ ఒకసారి ఎక్కించి దింపండి. ఇంటి ముందు నిలబెట్టి ఎంత తొక్కినా కొండ ఎక్కేటప్పటి బరువు, వేడి రావు. దిగి వచ్చాక బానెట్ ఎత్తి రాగి వాషర్ల దగ్గర, బెల్టు కవరు కింద వేలితో కాకుండా తెల్ల కాగితంతో అద్ది చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక అదే కాగితం పరీక్ష మళ్లీ చేయండి. ప్రస్తుతానికి పౌడరు పరీక్ష, గొట్టం పరీక్ష చేసి గీత ఎక్కడ మొదలైందో ఫోటోతో తెలియజేయండి. బెల్టు కవరు కింద చుక్కలు కనిపిస్తే మాత్రం ఫోటో కోసం ఆగకుండా, బండిని నడపకుండా తాడు కట్టించి తీసుకెళ్లండి.